పార్కులో 231 మీటర్ల నడక దారి: 14 వారాల పని డైరీ

మేం రెండేసి సార్లు చేసిన పనులు ఇంకొకరు ఒక్కసారిలో ముగించాలని ఈ డైరీ పెడుతున్నాను. కొలతలన్నీ పనిచేసిన రోజే నోటుబుక్కులో రాసుకున్నవి. అనుమతి కాగితం చేతికొచ్చాకే పలుగు పట్టాం. దాని కోసం ఎదురుచూసిన రోజులు ఈ లెక్కలో కలపలేదు.

స్థలం 84 మీటర్ల పొడవు, 58 మీటర్ల వెడల్పు. చుట్టూ ప్రహరీ. రెండు గేట్లుంటే ఒకటే తెరిచి ఉంటుంది. పెద్ద చెట్లు 19. ఒక ఉయ్యాల, ఒక జారుడు బల్ల, నాలుగు సిమెంటు బెంచీలు. పనికి రోజుకి నలుగురి నుంచి పదకొండు మంది దాకా వచ్చాం. మాలో ఒకాయన రిటైరయిన సర్వేయర్. మిగతావాళ్లం మట్టిపని కొత్తగా నేర్చుకున్నవాళ్లమే.

దశ 1: మనుషుల లెక్క (1, 2 వారాలు)

దారి వెయ్యాలని అందరికీ ఉంది. ఎవరి కోసం అని అడిగితే తలా ఒక మాట చెప్పారు. అందుకని ముందు లెక్కపెట్టాలనుకున్నాం.

మొదటి వారం లెక్క మొత్తం పారేశాం. రెండు తప్పులు జరిగాయి. ఒకటి, సాయంత్రాలు మాత్రమే లెక్కపెట్టాం. రెండు, గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకి గీతలు గీశాం. లోపలికీ బయటికీ తిరిగే పిల్లాడు ఒక్కడే ఆరుసార్లు లెక్కలో పడ్డాడు.

పార్కుల్లో మనుషుల్ని లెక్కపెట్టడానికి సోపార్క్ అనే పద్ధతి ఉంది. థామస్ మెకెంజీ, డెబొరా కోహెన్ తదితరులు 2006లో దాన్ని ప్రచురించారు. పార్కుని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఒక్కసారి చూపు తిప్పుతూ చూసి, ఆ క్షణాన అక్కడ ఉన్నవాళ్లనే రాసుకోవాలి. ఆడా మగా, పిల్లలా టీనేజీవాళ్లా పెద్దవాళ్లా 60 దాటినవాళ్లా, కూర్చున్నారా నడుస్తున్నారా గట్టిగా ఆడుతున్నారా, ఇవే గడులు. రెండో వారం మేం చేసిన తీరు:

1. పార్కుని ఐదు ముక్కలు చేసి కాగితం మీద గీసుకున్నాం.
2. రోజుకి నాలుగు టైములు పెట్టుకున్నాం: పొద్దున్న 6:30, 11:00, మధ్యాహ్నం 3:30, సాయంత్రం 6:00.
3. ఏడు రోజులూ లెక్కపెట్టాం. మొత్తం 28 విడతలు.
4. ప్రతి విడతకీ ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టి, తేడా వస్తే అక్కడికక్కడే మళ్లీ చూశాం.

28 విడతల్లో కలిపి 412 మంది. విడతకి సగటున 14.7. పన్నెండేళ్లలోపు పిల్లలు 121. టీనేజీ మగపిల్లలు 36, ఆడపిల్లలు 11. పెద్దవాళ్లలో మగవాళ్లు 147, ఆడవాళ్లు 66. అరవై దాటినవాళ్లు 31, వాళ్లలో ఆడవాళ్లు ఆరుగురే. లోపలి మూలలో ఉన్న అయిదో ముక్కలో వారం మొత్తానికి కనిపించింది తొమ్మిది మంది.

ఈ అంకెలు చూశాక పని దిశ మారింది. విలియం వైట్ 1970లలో న్యూయార్క్ బహిరంగ స్థలాల్ని కెమెరాలు పెట్టి గమనించారు. ఒక చోటికి ఆడవాళ్లు మామూలు కన్నా తక్కువగా వస్తున్నారంటే అక్కడేదో లోపం ఉన్నట్టేనని ఆయన తేల్చారు. మాకు 147కి 66. అప్పటిదాకా మా ప్లాన్‌లో ఉన్నది దారి ఒక్కటే. బెంచీలు, పొదలు, ఆట మూల ఆ రోజే ప్లాన్‌లోకి వచ్చాయి. రాని వాళ్లు ఎందుకు రావట్లేదో తెలియకుండా దారి వేసి ఉంటే, ఆ 147 మందికే ఇంకో సౌకర్యం చేసినవాళ్లం అయ్యేవాళ్లం.

ఇప్పటివరకు: 36 మనిషి-గంటలు.

దశ 2: దారి గీత (3వ వారం)

కాగితం మీద మొదటి గీత ప్రహరీ పక్కనే, గోడకి నాలుగు మీటర్లు వదిలి, నలుచదరంగా ఉంది. చుట్టుకొలత 252 మీటర్లు. అది చూడటానికి నీటుగా ఉంది కానీ మనుషులు నడిచే చోట లేదు. గడ్డి మీద అరిగిన బాటలు మూడు ఉన్నాయి. అవి గేటు నుంచి ఏటవాలుగా చెట్ల కిందకి పోతాయి. ఏళ్ల తరబడి పాదాలు చూపించిన దారిని కాదని గోడ వెంట కొత్త దారి వేస్తే, జనం పాత బాటల మీదే నడుస్తారు. అందుకని పాత బాటల్లో రెండింటిని కలుపుకుంటూ గీత మార్చాం.

వంపుల దగ్గర టేపు పనికిరాలేదు. ఒకే వంపుని ఇద్దరం కొలిస్తే 80 సెంటీమీటర్ల తేడా వచ్చింది. సర్వేయర్ గారు సైకిల్ తెప్పించారు.

1. ముందు టైరు మీద సుద్దతో గుర్తు పెట్టాలి.
2. తిన్నని నేల మీద పది చుట్లు దొర్లించి, ఆ దూరం టేపుతో కొలవాలి. మాకు 20.6 మీటర్లు వచ్చింది, అంటే చుట్టుకి 2.06.
3. దారి నడిమధ్య గీత మీద సైకిల్‌ని నడిపించుకుంటూ చుట్లు లెక్కపెట్టాలి.

ముందు అనుకున్న గీత 228 మీటర్లు. తర్వాత చెట్టు దగ్గర మార్చాక 112 చుట్లు, అంటే 231 మీటర్లు. మార్చిన కారణం దశ 3లో ఉంది.

వెడల్పు 1.2 మీటర్లు చాలన్నారు కొందరు. నేల మీద రెండు పురికొసలు 1.2 దూరంలో కట్టి ఇద్దరిని పక్కపక్కన నడవమన్నాం. ఎదురుగా మూడో మనిషి రాగానే ఒకరు పురికొస దాటాల్సి వచ్చింది. 1.5 దగ్గర ఒకరు కొంచెం పక్కకి తిరిగితే సరిపోయింది. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా దాటాలంటే 1.8 కావాలి. అంత వెడల్పు మొత్తం దారికి వెయ్యలేం కాబట్టి, మూడు చోట్ల మాత్రం దారిని 1.8కి పెంచాలని గుర్తు పెట్టుకున్నాం. ఆ కొంచెం వెడల్పు కింద ఇచ్చిన లెక్కల్లో కలపలేదు.

ఇప్పటివరకు: 58 మనిషి-గంటలు.

దశ 3: తవ్వకం, నీళ్లు (4, 5, 6 వారాలు)

పరికరాలు: పలుగులు 3, పారలు 6, తట్టలు 8, ఒంటి చక్రం బండ్లు 2, పురికొస, కొయ్య మేకులు, రసమట్టం, పది మీటర్ల నీళ్ల ట్యూబు.

తవ్వే ముందు నేల నీళ్లెలా తాగుతుందో చూశాం. ఒక్కో చోట 30 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, నిండా నీళ్లు పోసి ఇంకిపోనిచ్చి, మళ్లీ నింపి, గంటకి ఎంత దిగిందో స్కేలుతో కొలిచాం. మొదటిసారి నింపిన నీళ్లని లెక్కలోకి తీసుకోకూడదు. ఎండిన నేల ఆబగా తాగేస్తుంది, ఆ అంకె మోసం చేస్తుంది. గేటు దగ్గర గంటకి 4.2 సెంటీమీటర్లు దిగింది. అయిదో ముక్కలో 0.6. అక్కడంతా బంకమట్టి. వాన పడ్డాక వారం పాటు ఆ మూలకి ఎవరూ ఎందుకు పోరో అప్పుడు అర్థమైంది.

తవ్వకం లోతు 10 సెంటీమీటర్లు. కంకర ఆ గుంటలో కూర్చుంటుంది, దాని మీద పరిచే రాతి పొడి నేల కన్నా పైకి ఉంటుంది.

ఇక్కడ జరిగిన తప్పు ఇప్పటికీ బాధగానే ఉంది. పెద్ద చెట్టు ఒకదాని మొదలుకి రెండు మీటర్ల దూరంలో పలుగుతో తవ్వుతుంటే నా మణికట్టంత లావు వేరు తెగింది. చెట్టు వేళ్లు లోతుకి పోతాయని అందరం అనుకుంటాం. నిజానికి ఎక్కువ భాగం పై 60 సెంటీమీటర్లలోనే, పక్కలకి పాకి ఉంటాయి. అవే నీళ్లు తాగే వేళ్లు. ఆ రోజే పని ఆపి మూడు మార్పులు చేశాం:

1. దారిని చెట్టు నుంచి ఇంకో రెండున్నర మీటర్లు అవతలికి వంచాం. మూడు మీటర్ల పొడవు పెరిగింది.
2. కొమ్మల కింద పడే 12 మీటర్లు అసలు తవ్వలేదు. గడ్డి గీకి నేల మీదే కంకర పరిచాం.
3. ఆ 12 మీటర్ల మీద రోలర్ తిప్పలేదు. చేతి దిమ్మిసతో తేలిగ్గా అదిమాం.

తీసిన మట్టి 33 ఘనపు మీటర్లు. తవ్వాక ఉబ్బి దాదాపు 41 అయింది. ఒంటి చక్రం బండికి 0.06 ఘనపు మీటర్లు పడతాయి కాబట్టి 683 బండ్లు. దాన్ని బయటికి పంపకుండా సగం పైగా అయిదో ముక్కలో దిబ్బగా పోశాం. ఎత్తు 1.2 మీటర్లు, అడుగున అడ్డం 8 మీటర్లు. మీటరు ఎత్తుకి మూడు మీటర్ల పైన వాలు ఉంటే గడ్డి నిలుస్తుంది, మట్టి జారదు. మిగతాది పల్లాల్లో వేశాం.

నీళ్లు పోవడానికి దారి కిందుగా ఒక పైపు పెట్టాం. రెండో వానకే ఆకులు పట్టి మూసుకుపోయింది. పైపు తీసేసి, దారి పక్కనే 22 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల లోతు పల్లపు కాల్వ తీశాం. గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి పిల్లలు పడరు, ఆకులు పైనే కనిపిస్తాయి, చేత్తో తీసెయ్యొచ్చు.

కాల్వ చివర నీళ్ల గుంట లోతు ఎంత ఉండాలన్నది ఇంకుడు లెక్కే చెప్పింది. నిలిచిన నీళ్లలో దోమ గుడ్డు దోమ కావడానికి వెచ్చగా ఉంటే వారం, పది రోజులు పడుతుంది. నీళ్లు 48 గంటల్లో ఇంకిపోవాలని మేం పట్టు పట్టాం. గంటకి 0.6 చొప్పున 48 గంటలకి 28.8 సెంటీమీటర్లు. అందుకని లోతు 25 దాటనివ్వలేదు. వైశాల్యం 4 మీటర్లు ఇంటూ 3 మీటర్లు, పట్టేది 3 ఘనపు మీటర్లు. ఆ వైపు వాలే దారి 90 మీటర్లు. 2 సెంటీమీటర్ల వాన కురిస్తే దాని మీద నుంచి 2.7 ఘనపు మీటర్లు వస్తాయి. సరిపోయింది. అంతకు మించిన వానకి గుంట అంచున ఒక చోట కోత పెట్టి మొక్కల్లోకి వదిలాం.

ఇప్పటివరకు: 198 మనిషి-గంటలు, 683 బండ్లు.

దశ 4: కంకర, రాతి పొడి (7 నుంచి 10 వారాలు)

ఎవరైనా ఈ డైరీలో ఒక్క దశే చదివేట్టయితే ఇది చదవండి.

ముందు 40 మీటర్లు నమూనాగా మొత్తం పూర్తి చేశాం. కంకర 10 సెంటీమీటర్లు, పైన రాతి పొడి 4 సెంటీమీటర్లు. రసమట్టం పెట్టి అడ్డంగా ఖచ్చితంగా సమంగా వేశాం. నున్నగా, చాలా బాగా కనిపించింది. మూడో రోజు వాన పడింది. ఆ 40 మీటర్లలో ఏడు చోట్ల నీళ్లు నిలిచాయి, ఒక చోట పొడి కొట్టుకుపోయి కంకర తేలింది.

సమంగా ఉండటమే తప్పు. నడక దారికి అడ్డంగా 2 శాతం వాలు కావాలి. 1.5 మీటర్ల వెడల్పుకి అది 3 సెంటీమీటర్లు. అంత వాలు నడిచేవాళ్ల కాలికి తెలియదు, నీళ్లకి తెలుస్తుంది. అంతకు మించితే చక్రాల కుర్చీ పక్కకి లాగుతుంది. 40 మీటర్లూ గీకి మళ్లీ వేశాం. పొడిలో మూడో వంతు మట్టిలో కలిసిపోయింది, అంటే 17 బండ్లు నష్టం.

వాలు చూడటానికి ఒక పనిముట్టు చేసుకున్నాం. 1.5 మీటర్ల తిన్నని చెక్క తీసుకుని, ఒక చివర కింద 3 సెంటీమీటర్ల చెక్క ముక్క బిగించాం. ముక్క ఉన్న చివరని పల్లం వైపు పెట్టి, మీద రసమట్టం ఉంచితే బుడగ మధ్యలో నిలవాలి. ప్రతి మూడు మీటర్లకి ఒకసారి చూశాం.

రెండో తప్పు అంచు ఇటుకలది. దారికి రెండు వైపులా ఇటుకలు నిలబెట్టి, పొడి కన్నా 3 సెంటీమీటర్లు ఎత్తు ఉంచాం. వాలి వచ్చిన నీళ్లు ఆ ఇటుకకి తగిలి అక్కడే ఆగాయి. పల్లం వైపు ఇటుకల్ని దారి మట్టానికి దించాక పోయాయి.

మూడో తప్పు లెక్కలో. 231 మీటర్లు, 1.5 వెడల్పు, 0.10 లోతు గుణిస్తే 34.65 ఘనపు మీటర్లు. అంతే కంకర తెప్పించాం. పరిచి రోలర్ తిప్పితే అది అణుగుతుంది కదా, ఆ సంగతి లెక్కలో వెయ్యలేదు. 184 మీటర్ల దగ్గర కంకర అయిపోయింది. మిగిలిన 47 మీటర్ల కోసం పని ఆరు రోజులు ఆగింది. కుప్పగా ఉన్నప్పుడు లెక్కకి పావు వంతు ఎక్కువ ఉండాలి. మా సరైన లెక్క ఇది:

1. కంకర: 34.65కి పావు కలిపితే 43.3 ఘనపు మీటర్లు, 722 బండ్లు.
2. రాతి పొడి: 13.86కి పావు కలిపితే 17.3 ఘనపు మీటర్లు, 288 బండ్లు.

కంకరని ఒకేసారి 10 సెంటీమీటర్లు పరిచి రోలర్ తిప్పితే పైన గట్టిపడి, అడుగున వదులుగా ఉండిపోయింది. పలుగు మొన ఇట్టే దిగింది. తర్వాత అయిదేసి సెంటీమీటర్ల చొప్పున రెండు వరసలుగా వేశాం.

రాతి పొడికి తడే ప్రాణం. మొదటి రోజు పొడిగానే తిప్పితే దుమ్ము లేచింది తప్ప గట్టిపడలేదు. మరుసటి రోజు నీళ్లెక్కువై రోలర్‌కి అంటుకుని ఊడి వచ్చింది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. ఆ తడి కుదిరాక ప్రతి చోటా రోలర్ ఆరు సార్లు తిప్పాం, రెండో రోజు తడిపి మళ్లీ రెండు సార్లు.

పరీక్షకి ముగ్గుర్ని పిలిచాం: చక్రాల కుర్చీలో వచ్చే ఒకాయన, చంకకర్రతో నడిచే ఒకావిడ, పసిపాపని బండిలో తోసుకొచ్చే ఒకమ్మాయి. కుర్చీ ముందు చిన్న చక్రం రెండు చోట్ల ఒకటిన్నర సెంటీమీటరు దిగింది. రెండూ ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య అతుకులే. అక్కడ అర మీటరు చొప్పున గీకి, తడిపి, కలిపి తిప్పాక నిలిచింది. ఆయన రెండో చుట్టు ఎవరి సాయం లేకుండా పూర్తి చేసి, "ఇక్కడ ఇన్నేళ్లుగా గేటు లోపలి దాకానే చూశానండీ, ఆ చెట్లని దగ్గర్నుంచి చూడటం ఇదే మొదలు" అన్నారు. ఆ రోజు నోటుబుక్కులో కొలతలేమీ రాయలేదు. ఈ మాటే రాసుకున్నాను.

ఇప్పటివరకు: 434 మనిషి-గంటలు. బండ్లు 683 + 1010 + 17 = 1710.

దశ 5: బెంచీలు, చూపు (11వ వారం)

లెక్కపెట్టిన రోజుల్లో ఒక పెద్దావిడ రోజూ పొద్దున్నే గేటు దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్లిపోవడం చూశాను.

"పెద్దమ్మగారూ, లోపలికి రాకుండా ఇక్కడి నుంచే వెళ్లిపోతారెందుకండీ?" అని అడిగాను.

"కూర్చోడం నాకేం కష్టమమ్మా? ఆ బల్ల మీద నుంచి లేవాలంటేనే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. పొద్దున్నే అక్కడ ఎవరుంటారు?" అన్నారు.

వెంటనే టేపు తెచ్చి కొలిచాను. బెంచీ ఎత్తు 36 సెంటీమీటర్లు. వీపు ఆనడానికి లేదు, చేతులు ఆనడానికి లేదు. ఇంకో లోపం ఆవిడ కూర్చుని లేచినప్పుడే తెలిసింది. బెంచీ ముందు భాగం సిమెంటు గోడలా మూసి ఉంది. లేచేటప్పుడు ఎవరమైనా పాదాల్ని మోకాళ్ల కన్నా వెనక్కి జరుపుకుంటాం. ఇక్కడ మడమ గోడకి తగులుతోంది. దాంతో లేవడానికి ఊతం దొరకదు.

మార్పులు ఇవి. పై పలకని రెండు దిమ్మెల మీదకి ఎత్తి 45 సెంటీమీటర్లు చేశాం, కింద ఖాళీ వచ్చింది. వెనక చెక్కతో ఆనుడు. కూర్చునే పలక మీద నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో రెండు వైపులా చేతి ఊతం. ఒక్కో బెంచీ పక్కన చక్రాల కుర్చీ నిలిచేంత చదును నేల. నడక ఇబ్బందిగా ఉన్నవాళ్లకి 50 మీటర్ల లోపు ఒక కూర్చునే చోటు దొరకాలంటారు. మాకు నాలుగు బెంచీలకి ఒకటి కొత్తది కలిపితే ఐదు, సగటున 46 మీటర్లకి ఒకటి.

మొదట బెంచీల్ని దారికి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టాం. కూర్చున్నవాళ్ల కాళ్లు దారిలోకి వచ్చాయి. 70కి జరిపాం. ఒకటి సాయంత్రం ఎండకి ఎదురుగా పడింది. బిగించే ముందు పొద్దున్న 7 గంటలకీ సాయంత్రం 5 గంటలకీ నీడ ఎక్కడుందో కొయ్య మేకులతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ జరిపే పని తప్పేది.

తర్వాత పొదలు. అయిదో ముక్కకి ముందున్న కంచె మొక్కలు 1.6 మీటర్లు పెరిగి ఉన్నాయి. గేటు నుంచి లోపల ఎవరున్నారో కనిపించదు, లోపలున్నవాళ్లకి గేటు కనిపించదు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకి అక్కడ టెన్షన్ ఉండదా మరి? వాటిని 90 సెంటీమీటర్లకి కత్తిరించాం. చెట్ల కింది కొమ్మలు 2.2 మీటర్ల ఎత్తు దాకా తీశాం. ఈ రెండు ఎత్తుల మధ్య చూపు అడ్డం లేకుండా సాగాలి. మొత్తం పనిలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ఇద్దరం ఒక్క పూటలో చేశాం.

ఇప్పటివరకు: 498 మనిషి-గంటలు.

దశ 6: ఆట మూల (12, 13 వారాలు)

ఉయ్యాల కింద నేల కాళ్ల రాపిడికి సిమెంటులా గట్టిపడింది. ఇసుక పోద్దామన్నారు. ఇసుక 23 సెంటీమీటర్లు ఉంటే 1.2 మీటర్ల ఎత్తు దాకా మాత్రమే, అక్కడి నుంచి పడినా కాస్తుంది. అదే మందంలో చెక్క ముక్కలు 3 మీటర్ల దాకా కాస్తాయి. ఇవి అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఆటస్థలాల కోసం ఇచ్చిన అంకెలు. అణిగాక ఉండాల్సిన మందం అది. కొత్తగా పోసేటప్పుడు 30 సెంటీమీటర్లు ఉండాలి. మేం చెట్లు కత్తిరించిన కొమ్మల్ని చిన్న ముక్కలు చేయించి పోశాం.

తొమ్మిది రోజుల తర్వాత ఉయ్యాల సరిగ్గా కింద కొలిస్తే 14 సెంటీమీటర్లే ఉంది. పాదాలు తన్ని పక్కలకి చిమ్మాయి. ఉయ్యాల స్తంభం మీద 23 దగ్గర ఎర్ర గీత వేశాం. గీత కనిపించిందంటే పక్కనున్నది లాగి సర్దాలి. వారానికి ఒకసారి ఆ పని పిల్లలే తీసుకున్నారు.

ఉయ్యాల కట్టిన కమ్మీ ఎత్తు 2 మీటర్లు. దానికి రెట్టింపు, అంటే ముందుకీ వెనక్కీ నాలుగేసి మీటర్లు ఖాళీ ఉండాలి. మాకు వెనక గోడ 3.1 మీటర్ల దూరంలోనే ఉంది. ఉయ్యాల మొత్తం పెకిలించి ముందుకి జరిపాం. రెండు రోజులు పట్టింది, కానీ వదిలెయ్యలేని కొలత అది.

జారుడు బల్ల పై రెయిలింగులో కమ్మీల మధ్య సందు 19 సెంటీమీటర్లు. 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య సందులు ప్రమాదం. చిన్నపిల్లల ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. ప్రతి సందు మధ్యలో ఒక కమ్మీ వెల్డింగ్ చేయించాం. ఇప్పుడు 9 లోపే ఉంది. మీ పార్కులో ఇంకేమీ చెయ్యలేకపోయినా ఈ సందు ఒక్కసారి కొలవండి.

దిబ్బ మీద గడ్డి పట్టకముందే పిల్లలు దొర్లడం మొదలుపెట్టారు. మట్టి ఊడింది. తాడు కట్టి మూడు వారాలు ఆపాలనుకున్నాం, నాలుగు రోజులు కూడా ఆగలేదు. సగం దిబ్బకి తాడు కట్టి, సగం వదిలాం. అది పనిచేసింది.

ఇప్పటివరకు: 569 మనిషి-గంటలు.

దశ 7: మళ్లీ లెక్క (14వ వారం)

అవే టైములు, అవే ఐదు ముక్కలు, 28 విడతలు. మొత్తం 655. విడతకి 23.4. పిల్లలు 158, పెద్ద మగవాళ్లు 171, ఆడవాళ్లు 173. అరవై దాటినవాళ్లు 97, వాళ్లలో ఆడవాళ్లు 44. అయిదో ముక్కలో 9 నుంచి 71.

ఇదంతా మా పని వల్లే అనను. మొదటి లెక్క ఎండల్లో తీసింది, ఇది చల్లబడ్డాక తీసింది. కొత్తదనం మీద వచ్చేవాళ్లు కూడా ఉంటారు. అందుకే మూడు నెలలకి ఒకసారి, ఏడాదికి అదే వారంలో ఒకసారి మళ్లీ తీస్తాం. కాగితాలు గీసి పెట్టాం.

దారి పక్కన 50 మీటర్లకి ఒక రాయి పాతి దూరం రాశాం. అరగంట చురుగ్గా నడిస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు, అంటే మా దారిలో 11 చుట్లు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అది అలాంటి అయిదు అరగంటలు.

ఇప్పటివరకు: 593 మనిషి-గంటలు.

ఒక గడి మాత్రం అనుకున్నంత కదలలేదు. టీనేజీ మగపిల్లలు 37, ఆడపిల్లలు 19. పదకొండు నుంచి పంతొమ్మిది, అంతే. వియన్నా నగరం 1990ల్లో తమ పార్కుల్ని పరిశీలిస్తే, తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు రావడం బాగా తగ్గుతోందని, మగపిల్లలు తగ్గట్లేదని తేలింది. మధ్యలో ఉన్న ఒక్క మైదానం బంతాట ఆడేవాళ్ల చేతిలో ఉంటే ఆడపిల్లలు చోటు కోసం పోట్లాడకుండా వెళ్లిపోతున్నారు. 1999లో రెండు పార్కుల్లో ఆ ఒక్క చోటుని విడగొట్టి, బ్యాడ్మింటన్, వాలీబాల్ కోర్టులు, నడక దారులు కలిపితే పరిస్థితి మారింది.

మేమూ బ్యాడ్మింటన్ కోర్టుకి 13.4 ఇంటూ 6.1 మీటర్లు కొలిచి సున్నం గీతలు వెయ్యబోయాం. ముందు అడుగుదామని ఆగాం. చెట్టు కింద నిలబడి మాట్లాడుకుంటున్న ముగ్గురమ్మాయిల్ని అడిగాను.

"కోర్టు వద్దాంటీ. గీతలు వేస్తే రెండో రోజుకి అది కూడా వాళ్లదే అయిపోతుంది," అంది ఒకమ్మాయి.

"మరి ఏం కావాలమ్మా?"

"ఎదురెదురుగా కూర్చునే బెంచీలు. ఇప్పుడున్నవన్నీ దారి వైపే ఉన్నాయి కదా, నలుగురం వస్తే ఇద్దరం నిలబడాల్సిందే. ఇంకా, మా సైజుకి ఒక ఉయ్యాల."

గీతల సున్నం సంచి అలాగే ఉంది. దిబ్బకి ఇవతల, గేటు కనిపించే చోట, రెండు బెంచీలకి 1.4 మీటర్ల ఎడం పెట్టి కొయ్య మేకులు కొట్టాం. ఆ మేకుల మధ్య ఇటుకలు పేర్చి, ఆ అమ్మాయిల్నే కూర్చోబెట్టి చూశాం. మాట వినిపించాలంటే ముందుకి వంగాల్సి వస్తోందన్నారు. 1.2కి జరిపాం. ఉయ్యాలకి కమ్మీ ఎత్తు 2.4 మీటర్లు అనుకుంటున్నాం, ముందుకీ వెనక్కీ 4.8 చొప్పున ఖాళీ కావాలి. ఆ దూరం దొరికేది ఒక్క చోటే, అక్కడ నీళ్లెలా ఇంకుతాయో చూసే గుంట ఇంకా తియ్యలేదు. ఆదివారం పొద్దున్న తీస్తాం.